ఎక్స్‌ప్రెస్‌లో డిలీట్ రిక్వెస్ట్: 204 పంపాలా, 200 పంపాలా, అసలు చెరిపేయాలా వద్దా?

నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది) మీద వాడే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్‌లో డిలీట్ రౌట్ (ఆ రిక్వెస్ట్‌ని అందుకునే కోడ్) రాయడం ఒక్క లైను పని. యాప్.డిలీట్ అని రాసి, పాత్‌లో కోలన్ పెట్టి ఐడీ ఇచ్చి, హ్యాండ్లర్‌లో డేటాబేస్ నుంచి రికార్డు తీసేసి, ఏదో ఒక రెస్పాన్స్ పంపితే పని అయిపోయినట్టే ఉంటుంది. చాలా ట్యుటోరియల్స్ అక్కడితో ఆగిపోతాయి. అసలు తేల్చుకోవాల్సినవన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి. ఏ స్టేటస్ కోడ్ (ఫలితం ఏంటో చెప్పే నంబర్) పంపాలి? రికార్డును నిజంగా చెరిపేయాలా, దాచి ఉంచాలా? ఒకేసారి యాభై తీసేయాలంటే ఎలా అడగాలి? ఎక్స్‌ప్రెస్ 4లోనే ఉండిపోవాలా, 5కి మారాలా?

వీటిలో ఏది తేల్చాలన్నా నేను ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇదే రిక్వెస్ట్ రెండోసారి వస్తే ఏం జరగాలి?

రెండోసారి రావడం అరుదైన సంగతేమీ కాదు. సర్వర్ రికార్డును తీసేసింది, రెస్పాన్స్ ఫోన్‌కి చేరేలోపు సిగ్నల్ పోయింది. యాప్‌కి ఏం జరిగిందో తెలియదు కాబట్టి మళ్లీ పంపుతుంది. లేదా బటన్ నొక్కినా స్క్రీన్ కదల్లేదని యూజర్ ఇంకోసారి నొక్కుతాడు. మధ్యలో ఉన్న ప్రాక్సీ కూడా తనంతట తానే మళ్లీ పంపవచ్చు. అలా పంపే వెసులుబాటు డిలీట్‌కి ఉంది, ఎందుకంటే 2022 జూన్‌లో వచ్చిన, హెచ్‌టీటీపీ నియమాలు చెప్పే ఆర్‌ఎఫ్‌సీ 9110 పత్రం దీన్ని ఐడెంపొటెంట్ మెథడ్‌ల్లో చేర్చింది. ఒకసారి పంపినా పదిసార్లు పంపినా సర్వర్‌లో మిగిలే స్థితి ఒకటే అయి ఉండాలన్నది దాని నియమం.

ఇక్కడ చాలామంది ఒక చోట తడబడతారు. మొదటిసారి 204 (పని అయింది), రెండోసారి 404 (అలాంటిది లేదు) వస్తే ఐడెంపొటెన్సీ చెడిపోయిందని వాదిస్తారు. అదేం లేదు. ఆ నియమం సర్వర్ మీద పడే ప్రభావానికి సంబంధించింది, తిరిగొచ్చే నంబర్‌కి కాదు. రెండుసార్లూ రికార్డు లేకుండానే ఉంది కదా, అది చాలు. కాబట్టి 404 పంపాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. అయితే ఆ ఇష్టాన్ని మీ ఏపీఐ వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని తేల్చుకోవాలి.

స్టేటస్ కోడ్: ముందు దీని సంగతి

డిలీట్ సక్సెస్ అయితే పంపడానికి ఆర్‌ఎఫ్‌సీ మూడు దారులు చూపిస్తుంది. పని పూర్తయి, చెప్పడానికి ఇంకేమీ లేకపోతే 204. పూర్తయింది, దానితో పాటు కొంత సమాచారం కూడా ఉంటే 200. రిక్వెస్ట్ అందింది, పని ఇంకా జరగాల్సి ఉంటే 202.

పెద్ద సర్వీసులు ఏం చేస్తున్నాయో చూస్తే అన్ని రకాలూ కనిపిస్తాయి. అమెజాన్ ఎస్3లో ఒక ఫైల్‌ని డిలీట్ చేస్తే 204 వస్తుంది. ఆ పేరుతో అసలు ఫైలే లేకపోయినా 204యే వస్తుంది. "అది అక్కడ ఉండకూడదన్నావు, లేదు" అని చెప్పినట్టన్నమాట. గిట్‌హబ్ ఏపీఐలో రిపాజిటరీ తీసేస్తే 204. స్ట్రైప్‌లో కస్టమర్‌ని డిలీట్ చేస్తే 200 వస్తుంది, బాడీలో ఐడీతో పాటు డిలీటెడ్: ట్రూ అన్న ఫీల్డ్ ఉంటుంది. ఎలాస్టిక్‌సెర్చ్‌లో లేని డాక్యుమెంట్‌ని తీసేయమంటే 404 వస్తుంది, కాకపోతే బాడీలో నాట్ ఫౌండ్ అన్న రిజల్ట్ స్పష్టంగా ఉంటుంది. వీళ్లలో ఎవరూ తప్పు చేయడం లేదు. ఎవరి వాడుకదారుల అవసరం వాళ్లది.

నా సలహా ఇది. డిలీట్ తర్వాత స్క్రీన్ మీద ఇంకేదైనా మారాలంటే 200 పంపండి. షాపింగ్ కార్ట్ దీనికి సరైన ఉదాహరణ. కార్ట్‌లోంచి ఒక వస్తువు తీసేయగానే మొత్తం ధర మారుతుంది, డెలివరీ ఛార్జీ కలవవచ్చు, కూపన్ చెల్లకుండా పోవచ్చు. 204 పంపితే ఫ్రంటెండ్ వెంటనే ఇంకో గెట్ రిక్వెస్ట్ పంపి కొత్త లెక్క తెచ్చుకోవాలి. నెమ్మది నెట్‌వర్క్‌లో ఆ రెండో రిక్వెస్ట్ వచ్చేదాకా పాత ధరే కనిపిస్తూ ఉంటుంది. అంతకంటే మారిన కార్ట్‌ని బాడీలో పెట్టి 200తో ఇచ్చేయడం మేలు. సేవ్ చేసుకున్న అడ్రస్, చదివేసిన నోటిఫికేషన్, లాగిన్ సెషన్ లాంటివి పోతే స్క్రీన్ మీద ఇంకేదీ మారదు. వాటికి 204 సరిపోతుంది.

204 ఎంచుకుంటే ఎక్స్‌ప్రెస్‌లో రెండు సంగతులు తెలిసి ఉండాలి. మొదటిది, రెస్.స్టేటస్(204) అని రాసి ఊరుకుంటే రెస్పాన్స్ వెళ్లదు. అది నంబర్‌ని సెట్ చేస్తుందంతే. చివర ఎండ్ పిలవాలి, లేదంటే మొత్తంగా రెస్.సెండ్‌స్టేటస్(204) వాడాలి. మరిచిపోతే టైమ్‌అవుట్ అయ్యేదాకా క్లయింట్ ఎదురుచూస్తూనే ఉంటుంది. ఈలోపు డేటాబేస్‌లో రికార్డు ఎప్పుడో పోయి ఉంటుంది. రెండోది దొరకడం ఇంకా కష్టం. 204 పెట్టి, దాని వెనకే జేసన్‌లో "విజయవంతంగా తొలగించాం" అని మెసేజ్ పంపారనుకోండి. ఎక్స్‌ప్రెస్ ఎర్రర్ ఇవ్వదు, వార్నింగ్ ఇవ్వదు. 204 అంటే బాడీ ఉండకూడదు కాబట్టి కంటెంట్ టైప్, కంటెంట్ లెంగ్త్ హెడర్లు తీసేసి, బాడీని ఖాళీ చేసి పంపేస్తుంది. అవతల ఫ్రంటెండ్‌లో ఫెచ్ రెస్పాన్స్ మీద జేసన్ మెథడ్ పిలిచారంటే, ఖాళీ బాడీని పార్స్ చేయలేక ఎర్రర్ వస్తుంది. యూజర్‌కేమో "ఏదో పొరపాటు జరిగింది" అని ఎర్ర అక్షరాల్లో కనిపిస్తుంది. బ్యాకెండ్ లాగ్‌లో మాత్రం అంతా పచ్చగానే ఉంటుంది. ఇద్దరు డెవలపర్లు ఒకరి కోడ్‌ని ఒకరు అనుమానిస్తూ కూర్చునేది ఇలాంటప్పుడే. మెసేజ్ పంపాలనుకుంటే 200 పెట్టండి, 204 పెడితే ఏమీ పంపకండి.

రెండోసారి వచ్చినప్పుడు 404 పంపాలా, మళ్లీ 204 పంపాలా? వాడేది మీ మొబైల్ యాపో మీ వెబ్‌సైటో అయితే నేను 204 వైపే ఉంటాను. యూజర్ కోరుకున్నది జరిగింది, అతనికి ఎర్రర్ చూపించి సాధించేదేమీ లేదు. బయటి డెవలపర్లు మీ ఏపీఐకి కోడ్ రాస్తుంటే మాత్రం 404 మంచిది. వాళ్లు ఐడీ తప్పు రాసినా 204 వచ్చేస్తుంటే, డిలీట్ అయిందనుకుని ముందుకు వెళ్లిపోతారు. అసలు రికార్డు అక్కడే ఉండిపోయిందని నెలల తర్వాత గానీ తెలియదు.

ఇంతకంటే ముఖ్యమైన విషయం ఒకటుంది: ఆ రికార్డు ఎవరిది? ముందు ఐడీతో రికార్డు వెతికి, ఓనర్ ఎవరో చూసి, తర్వాత డిలీట్ చేసే మూడు మెట్ల కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. వెతకడానికీ తీసేయడానికీ మధ్య ఇంకో రిక్వెస్ట్ దూరే సందు ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ వాడుతుంటే వేర్ క్లాజులోనే (ఏ వరుసలో చెప్పే షరతు) ఐడీతో పాటు యూజర్ ఐడీ కూడా పెట్టేయండి. నోడ్ పోస్ట్‌గ్రెస్ లైబ్రరీ రోకౌంట్‌లో ఎన్ని వరుసలు పోయాయో చెబుతుంది. 1 వస్తే పోయింది, 0 వస్తే అది లేదు, లేదా అది ఇతనిది కాదు. రెండిటికీ ఒకే జవాబు ఇస్తే, ఐడీ నంబర్లు మార్చి మార్చి కొట్టి ఏవి ఉన్నాయో కనిపెట్టాలనుకునేవాళ్లకి ఏమీ తెలియదు. మంగోడీబీకి వాడే మంగూస్ లైబ్రరీలో ఇదే పనికి ఫైండ్‌వన్‌అండ్‌డిలీట్‌కి ఐడీ, ఓనర్ రెండూ ఇవ్వాలి. దొరక్కపోతే నల్ వస్తుంది. డేటాబేస్‌తో మాట్లాడే ఇంకో లైబ్రరీ ప్రిజ్మా దారి వేరు. దాని డిలీట్ మెథడ్‌కి రికార్డు దొరక్కపోతే పీ2025 అన్న కోడ్‌తో ఎర్రర్ విసురుతుంది. దాన్ని పట్టుకోకపోతే 404 వెళ్లాల్సిన చోట 500 (సర్వర్ లోపం) వెళ్తుంది. ఐడీ ఆకారమే తప్పయితే మంగూస్ కాస్ట్‌ఎర్రర్ ఇస్తుంది, పోస్ట్‌గ్రెస్ 22పీ02 అన్న ఎర్రర్ కోడ్ ఇస్తుంది. అవి కూడా 500గా బయటికి వెళ్లకూడదు, 400 (రిక్వెస్టే తప్పు) సరైనది.

చెరిపేయడమా, దాచడమా

డిలీట్ బటన్ నొక్కినంత మాత్రాన డేటాబేస్‌లో డిలీట్ కమాండ్ నడవాల్సిన అవసరం లేదు. డిలీటెడ్_ఎట్ అని ఒక కాలమ్ పెట్టి, అందులో టైమ్ రాసేసి, చదివేటప్పుడు అది ఖాళీగా ఉన్నవే చూపించవచ్చు. దీన్నే సాఫ్ట్ డిలీట్ అంటారు. సీక్వలైజ్ అన్న డేటాబేస్ లైబ్రరీలో మోడల్‌కి పారనాయిడ్: ట్రూ అని ఇస్తే డిస్ట్రాయ్ పిలిచినప్పుడు అదే ఈ పని చేసిపెడుతుంది.

సాఫ్ట్ డిలీట్ ఎప్పుడూ భద్రమే కదా, అన్నిటికీ అదే పెట్టేద్దాం అనే టీమ్‌లు చాలా ఉన్నాయి. నేను ఒప్పుకోను. దానికి రోజూ కట్టాల్సిన మూల్యం ఉంది. ప్రతి క్వెరీలో డిలీటెడ్_ఎట్ ఖాళీగా ఉందా అని చూడాలి. ఒక్క రిపోర్టులో మరిచిపోయినా పోయిన ఆర్డర్లు లెక్కలో కలిసిపోతాయి. ఈమెయిల్ కాలమ్ మీద యునీక్ ఇండెక్స్ ఉంటే, అకౌంట్ తీసేసిన మనిషి అదే ఈమెయిల్‌తో మళ్లీ చేరబోతే "ఈ ఈమెయిల్ ఇప్పటికే ఉంది" అని వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి మందుంది. ఆ యునీక్ ఇండెక్స్‌కి వేర్ డిలీటెడ్_ఎట్ ఈజ్ నల్ అన్న షరతు జోడిస్తే బతికున్న వరుసలకే అది వర్తిస్తుంది. ముందే ఆలోచించి పెట్టకపోతే సపోర్ట్ టికెట్ల రూపంలో బయటపడుతుంది.

రెండోసారి ప్రశ్న ఇక్కడా పనికొస్తుంది. సాఫ్ట్ డిలీట్‌లో అదే రిక్వెస్ట్ మళ్లీ వస్తే డిలీటెడ్_ఎట్‌లో కొత్త టైమ్ రాస్తున్నారా? రాస్తుంటే ముప్పై రోజుల తర్వాత శాశ్వతంగా తీసేసే జాబ్ లెక్క ప్రతిసారీ ముందుకు జరుగుతుంది. అప్‌డేట్ చేసే వేర్ క్లాజులో "ఇంకా ఖాళీగా ఉంటేనే" అన్న షరతు పెడితే సరిపోతుంది.

ఏది దేనికి? కార్ట్‌లో వస్తువు, సెషన్, డ్రాఫ్ట్ లాంటివి చెరిపేయండి, దాచుకుని చేసేదేమీ లేదు. యూజర్ పొరపాటున తీసేసి వెంటనే వెనక్కి అడిగే ఫోటోలు, డాక్యుమెంట్లు సాఫ్ట్ డిలీట్‌కి తగినవి. ఇన్‌వాయిస్‌లకి అసలు డిలీట్ రౌటే పెట్టకండి. మన దేశంలో జీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం లెక్కల రికార్డుల్ని ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. తప్పు ఇన్‌వాయిస్‌ని క్రెడిట్ నోట్‌తో సరిచేస్తారు, డిలీట్‌తో కాదు. అలాంటి చోట ఏపీఐలో రద్దు అన్న ప్రత్యేక చర్యని పోస్ట్‌తో ఇవ్వడమే నిజాయితీ.

యూజర్ అకౌంట్ అన్నిటికంటే చిక్కు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సెక్షన్ 12లో తన డేటాను చెరిపేయమని అడిగే హక్కును పొందుపరిచింది. ఏదైనా చట్టం కింద ఉంచాల్సిన డేటాకి మినహాయింపు ఉంది. అంటే అకౌంట్ డిలీట్ చేయమన్న మనిషి పేరు, ఫోన్, అడ్రస్ డిలీటెడ్_ఎట్ వెనక దాక్కుని ఏళ్ల తరబడి ఉండిపోతే అది చెరిపినట్టు కాదు. వ్యక్తిగత ఫీల్డులు ఖాళీ చేయాలి, చట్టం ఉంచమన్న ఇన్‌వాయిస్ మాత్రం ఉంచాలి. ఫోటోలు, బ్యాకప్‌లు, సెర్చ్ ఇండెక్స్ ఇలా పదిచోట్ల శుభ్రం చేయాల్సిన పని కాబట్టి హ్యాండ్లర్‌లోనే కూర్చుని చేయకుండా క్యూలో వేసి 202 పంపడం సరైన పద్ధతి. రెండోసారి అదే రిక్వెస్ట్ వస్తే రెండో జాబ్ పుట్టకుండా చూసుకోండి.

రికార్డుకి పిల్ల రికార్డులు వేలాడుతున్నప్పుడు ఏం చేయాలన్నది డేటాబేస్‌కే అప్పగించండి. పోస్ట్‌గ్రెస్‌లో ఫారిన్ కీ (పిల్ల రికార్డుని తల్లి రికార్డుకి కట్టే లింకు) అడ్డుపడితే 23503 అన్న కోడ్ వస్తుంది. దాన్ని 409గా (ఇప్పుడున్న స్థితితో పొసగదని చెప్పే కోడ్) మార్చి "ఈ కేటగిరీలో ఇంకా వస్తువులున్నాయి" అని చెప్పండి. క్యాస్కేడ్ (తల్లి రికార్డుతో పాటు పిల్లవీ పోవడం) సౌకర్యంగానే ఉంటుంది కానీ, ఒక కేటగిరీ తీసేస్తే దాని కింద వస్తువులన్నీ మాయమవడం మీ అడ్మిన్ ఊహించిన విషయమేనా అని ముందు అడగండి.

ఒకేసారి చాలా తీసేయాలంటే

మూడు మార్గాలు వాడుకలో ఉన్నాయి. డిలీట్ రిక్వెస్ట్ బాడీలో ఐడీల జాబితా పంపడం, క్వెరీ స్ట్రింగ్‌లో పంపడం, పోస్ట్‌తో ఒక ప్రత్యేక పాత్‌కి పంపడం.

బాడీ మార్గం నోడ్‌లో, ఎక్స్‌ప్రెస్‌లో పని చేస్తుంది. రిక్వెస్టులు పంపే ఆక్సియోస్ లైబ్రరీలో కూడా డేటా అన్న ఆప్షన్ కింద పంపవచ్చు. కానీ డిలీట్ బాడీకి సాధారణంగా నిర్వచించిన అర్థమేదీ లేదని ఆర్‌ఎఫ్‌సీ 9110 చెబుతోంది. అవతలి సర్వర్ దీన్ని ఒప్పుకుంటుందని ముందే తెలిస్తే తప్ప పంపవద్దనీ అంటోంది. మధ్యలో ఉన్న గేట్‌వే ఆ బాడీని ఉంచుతుందా పారేస్తుందా అన్నది మీ చేతిలో ఉండదు. క్వెరీ స్ట్రింగ్ కొద్ది ఐడీలకి బాగుంటుంది. కాకపోతే ఐడీ ఒక్కటే వస్తే స్ట్రింగ్‌గా, రెండు వస్తే అర్రేగా వస్తుంది. పైగా ఎక్స్‌ప్రెస్ 5లో క్వెరీ పార్సర్ డిఫాల్ట్ ఎక్స్‌టెండెడ్ నుంచి సింపుల్‌కి మారింది. చదరపు బ్రాకెట్లతో అర్రేలు పంపే పాత ఫ్రంటెండ్ ఉంటే, బ్రాకెట్లు కూడా కీ పేరులో భాగమైపోతాయి. మీరు చూస్తున్న ఐడీస్ మాత్రం అన్‌డిఫైన్డ్, అంటే విలువే లేనిది.

ఆ అన్‌డిఫైన్డ్ దగ్గరే అసలు ప్రమాదం. ప్రిజ్మాలో డిలీట్‌మెనీకి ఇచ్చిన షరతులో విలువ అన్‌డిఫైన్డ్ అయితే, ఆ షరతు లేనట్టే లెక్క. షరతు లేని డిలీట్‌మెనీ టేబుల్ మొత్తాన్ని ఖాళీ చేస్తుంది. మంగూస్ 6లో స్ట్రిక్ట్‌క్వెరీ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండటంతో, స్కీమాలో లేని ఫీల్డ్ పేరు రాస్తే అది ఫిల్టర్ నుంచి రాలిపోయి అదే గతి పట్టేది. 7లో ఆ డిఫాల్ట్ మార్చారు. ఏ లైబ్రరీ అయినా సరే, ఐడీల జాబితా అర్రేనా, ఖాళీగా లేదా, గరిష్ఠ సంఖ్య దాటలేదా అని హ్యాండ్లర్ మొదటి లైన్లలోనే చూసి, కాకపోతే 400తో తిప్పి పంపండి. నిజం చెప్పాలంటే ఈ వ్యాసంలో ఒక్క సలహాయే తీసుకుంటానంటే ఇది తీసుకోండి.

నేను ఎంచుకునేది పోస్ట్. ఎస్3 కూడా ఒకేసారి 1000 ఫైళ్ల వరకు తీసేయడానికి పోస్ట్‌నే వాడుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్ క్వెరీతో డిలీట్ చేసే సౌకర్యాన్ని ఒకప్పుడు డిలీట్ మెథడ్‌తో ఇచ్చి, 5.0 నుంచి పోస్ట్‌కి మార్చింది. రెస్పాన్స్‌లో ఏ ఐడీ పోయింది, ఏది పోలేదు, ఎందుకు పోలేదు అన్నది విడివిడిగా చెప్పే చోటు కూడా దొరుకుతుంది.

ఎక్స్‌ప్రెస్ 4, ఎక్స్‌ప్రెస్ 5, ఫాస్టిఫై

కొత్త ప్రాజెక్ట్ అయితే సందేహం వద్దు, 5 తీసుకోండి. 2014 నుంచి నడిచిన 4లో ఎసింక్ హ్యాండ్లర్ లోపల డేటాబేస్ ఎర్రర్ వస్తే ఎక్స్‌ప్రెస్‌కి తెలిసేది కాదు. ట్రై క్యాచ్ రాసి నెక్స్ట్‌కి అందించాలి, లేకపోతే రిక్వెస్ట్ వేలాడుతూ ఉంటుంది. నోడ్ 15 నుంచి అయితే పట్టుకోని రిజెక్షన్ మొత్తం ప్రాసెస్‌నే పడగొడుతుంది. ఒక యూజర్ డిలీట్‌లో వచ్చిన ఫారిన్ కీ ఎర్రర్‌కి అందరి సర్వర్ పోవడమన్నమాట. 2024లో వచ్చిన 5లో రిజెక్ట్ అయిన ప్రామిస్ నేరుగా ఎర్రర్ హ్యాండ్లర్‌కి చేరుతుంది. పీ2025ని 404గా, 23503ని 409గా మార్చే పని ఒక్కచోట రాసుకుంటే చాలు.

4 నుంచి మారేవాళ్లు మూడు చూసుకోవాలి. యాప్.డెల్ అన్న పాత పేరు పోయింది. డిలీట్ అన్నది జావాస్క్రిప్ట్‌లో రిజర్వ్‌డ్ పదం కావడంతో అప్పట్లో పెట్టిన పేరది. పాత్‌లోనే రెగెక్స్ పెట్టి ఐడీ అంకెలే ఉండాలని రాసిన రౌట్లు 5లో నడవవు, ఆ చెక్ కోడ్‌లోకి తెచ్చుకోవాలి. బాడీ పార్స్ కాని చోట రిక్వెస్ట్.బాడీ ఖాళీ ఆబ్జెక్ట్‌గా కాకుండా అన్‌డిఫైన్డ్‌గా ఉంటుంది.

ఎక్స్‌ప్రెస్ లాంటిదే ఇంకో ఫ్రేమ్‌వర్క్ అయిన ఫాస్టిఫైకి మారేవాళ్లకి డిలీట్‌లోనే మొదటి దెబ్బ తగులుతుంది. ఫ్రంటెండ్‌లో అన్ని రిక్వెస్టులకీ కంటెంట్ టైప్ అప్లికేషన్ జేసన్ అని పెట్టేసి ఉంటే, బాడీ లేని డిలీట్‌ని ఎక్స్‌ప్రెస్ పట్టించుకోకుండా వదిలేస్తుంది. ఫాస్టిఫై మాత్రం జేసన్ అని చెప్పి ఖాళీ బాడీ పంపావేంటని 400 ఇస్తుంది. సరైనది ఫాస్టిఫైయే. ఫ్రంటెండ్‌లో బాడీ ఉన్నప్పుడే ఆ హెడర్ పెట్టండి.

రౌట్ అంతా సరిగ్గా రాసినా "క్యానాట్ డిలీట్" అని 404 వస్తుంటే రెండు చోట్ల చూడండి. ఎక్స్‌ప్రెస్ మెథడ్ కలవకపోయినా 405 (ఈ మెథడ్‌కి అనుమతి లేదు) కాకుండా 404యే ఇస్తుంది కాబట్టి, పాత్ ఉన్నా డిలీట్ రౌట్ లేకపోతే వచ్చేది ఇదే మెసేజ్. లేదా రౌటర్‌ని ఏ ప్రిఫిక్స్ కింద మౌంట్ చేశారో మరిచిపోయి ఉంటారు. దీనికి భిన్నంగా, కార్ట్ మొత్తం ఖాళీ చేసే ఆల్ అన్న పాత్‌ని ఐడీ పాత్ కింద రాస్తే, "ఆల్" అన్న పదమే ఐడీగా పైన ఉన్న హ్యాండ్లర్‌కి వెళ్లిపోతుంది. ఖచ్చితమైన పాత్ ఎప్పుడూ పైన ఉండాలి.

మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారమ్‌తో నడిచే సైట్లు

ఫారమ్‌లు గెట్, పోస్ట్ మాత్రమే పంపగలవు. ఈజేఎస్ లాంటి టెంప్లేట్లతో పేజీలు తయారుచేసేవాళ్లు మెథడ్ ఓవర్‌రైడ్ ప్యాకేజీ వాడి, పోస్ట్ రిక్వెస్ట్‌నే డిలీట్‌గా మార్చుకుంటారు. పని చేస్తుంది. కానీ ఒక రక్షణ పోతుంది. వేరే సైట్‌లోని స్క్రిప్ట్ నుంచి నిజమైన డిలీట్ పంపాలంటే బ్రౌజర్ ముందు ఆప్షన్స్ రిక్వెస్ట్‌తో మీ సర్వర్ అనుమతి అడుగుతుంది. వేరే సైట్‌లోని ఫారమ్ పంపే పోస్ట్‌కి ఆ అడ్డు లేదు. అందువల్ల ఓవర్‌రైడ్ వాడితే సెషన్ కుకీకి సేమ్‌సైట్ సెట్టింగ్ (వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్ట్‌తో కుకీ రాకుండా ఆపేది) పెట్టడం, సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (ఫారమ్ మన పేజీదేనని చూపే రహస్య విలువ) చూడటం తప్పనిసరి. పేజీలన్నీ సర్వర్‌లోనే తయారయ్యే చిన్న సైట్‌కి నేనైతే ప్యాకేజీ లేకుండా, పాత్ చివర డిలీట్ అని పెట్టి మామూలు పోస్ట్ రౌటే రాస్తాను. చదివేవాళ్లకి ఏం జరుగుతోందో తెలుస్తుంది, మిడిల్‌వేర్ వరుస గురించి తలపట్టుకోనక్కర్లేదు.

గెట్ లింక్‌తో డిలీట్ మాత్రం అడ్మిన్ పేజీ అయినా పెట్టవద్దు. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అన్న సాఫ్ట్‌వేర్ పేజీలు త్వరగా తెరుచుకోవాలని లింకులన్నిటినీ ముందే తెచ్చిపెట్టేది. డిలీట్‌ని గెట్ లింక్‌గా ఇచ్చిన వెబ్ అప్లికేషన్లలో ఎవరూ నొక్కకుండానే యూజర్ల డేటా పోయింది. లాగిన్ అడ్డు ఉందిగా అనుకోవడానికి లేదు, అది నడిచింది లాగిన్ అయిన యూజర్ బ్రౌజర్ నుంచే. ఇవాళ చాట్‌లో లింక్ పెడితే ప్రివ్యూ కోసం తెరిచే బాట్‌లు, మెయిల్‌లోని లింకుల్ని ముందే పరీక్షించే సెక్యూరిటీ స్కానర్లు కూడా గెట్టే పంపుతాయి. మెయిల్‌లో పంపే "నా అకౌంట్ తీసేయండి" లింక్ సైతం ఒక నిర్ధారణ పేజీని తెరవాలి, డిలీట్ ఆ పేజీలోని బటన్ నొక్కితేనే జరగాలి.